నిలువు వీడియో

మనిషి పరుపు మీద పడలేదు. పరుపు అంచు దాటి, ఇనుప చట్రం పక్కన పడ్డాడు. జానెడు ఇవతల పడినా బతికేవాడని హాస్పిటల్లో డాక్టర్ అన్నాడు.

అది క్లైంబింగ్ జిమ్. మూడంతస్తుల ఎత్తు గోడ, దాని నిండా రంగురంగుల ప్లాస్టిక్ పట్టులు. ఇంట్లో మెట్లెక్కమంటే మోకాళ్ల నొప్పులనే జనం ఇక్కడికొచ్చి గోడలెక్కుతారు. ఎక్కేవాళ్ల నడుముకి తాడు కడతారు. ఆ తాడు పైకప్పు కొక్కెంలోంచి తిరిగి కిందికొస్తుంది. కింద ఒకరు దాన్ని తమ బెల్టుకి తగిలించుకుని బిగించి పట్టుకుంటారు. పైవాడి కాలు జారితే కిందివాళ్ల చెయ్యే దిక్కు.

పైకెక్కినవాడు జిమ్ యజమాని. కింద తాడు పట్టుకున్నది అతని భార్య. ఆమె తాడు వదిలేసింది, అతను పడ్డాడు.

అదీ కేసు. కనీసం ఎస్సై చెప్పిన కేసు.

"ఇందులో ఇంకేముంది సార్?" అంది ఎస్సై. ఆమె చురుకైన పిల్ల. తొందరెక్కువ.

ఇన్‌స్పెక్టర్ కాలుగాలిన పిల్లిలా గోడ ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు. స్టేషన్‌లో ఆయన్ని చాటుగా కుదురులేనాయన అంటారు. కుర్చీ వేస్తే కూర్చోడు. బలవంతాన కూర్చోబెడితే కాలు ఊపుతాడు. ఫైలు కూడా నడుస్తూనే చదువుతాడు. కొత్తగా వచ్చిన కానిస్టేబుల్ ఒకతను, పాపం ఎక్కడో నొప్పి ఉండి కూర్చోలేకపోతున్నారనుకుని, మంచి డాక్టర్ అడ్రస్ ఇవ్వబోయాడు.

"ఈ గోడకి రెండు తాళ్లున్నాయి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"జిమ్ కదా సార్. ఉంటాయి."

"ఒకటి ఆకుపచ్చ. ఒకటి నీలం. ఆయన నడుముకి ఉన్నది ఏది?"

"ఆకుపచ్చ."

"ఆమె బెల్టుకి?"

"అంబులెన్స్ వచ్చేసరికి ఏదీ లేదు. ఆయన్ని విడిపించే హడావుడిలో తాళ్లన్నీ విప్పి పక్కన పడేశారు."

"ఎవరు విప్పారు?"

"ఆయన తమ్ముడు. ఆ టైంలో లోపల ఉన్నది ముగ్గురే. ఆయన, భార్య, తమ్ముడు. వీడియో తియ్యడానికని మధ్యాహ్నం జిమ్ మూసేశారు."

"కెమెరా ఎవరిది?"

"తమ్ముడిదే. జిమ్ వీడియోలన్నీ అతనే తీస్తాడు, అతనే ఎడిట్ చేసి పేజీలో పెడతాడు."

ఇన్‌స్పెక్టర్ నడక ఆగింది. రెండు క్షణాలు. మళ్లీ మొదలైంది.

* * *

ఆ సాయంత్రానికే వీడియో ఆన్‌లైన్‌లోకి వచ్చేసింది. తమ్ముడే పెట్టాడు. పైన ఒక వాక్యం: "మా అన్నయ్యకి ఏం జరిగిందో అందరికీ తెలియాలి."

తెల్లారేసరికి లక్షల మంది చూశారు. చూసినవాళ్లందరూ జడ్జీలైపోయారు. ఉరి తియ్యమన్నవాళ్లు కొందరు, ఉరి చాలదన్నవాళ్లు కొందరు. ముందురోజు మొగుడూ పెళ్లాం పోట్లాడుకున్నారని పక్కింటివాళ్లు చెప్పారు. పోయినవాడి తల్లి స్టేషన్‌కి వచ్చి, కోడలి మీద కంప్లైంట్ ఇచ్చింది. సాయంత్రం ఆమెని మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. అక్కణ్ణుంచి జైలు.

ఇన్‌స్పెక్టర్ పొద్దున్నే ఆమె ఎదురుగా నిలబడ్డాడు. ఆమె బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. అరచేతులు నున్నగా ఉన్నాయి. తాడు ఒరుసుకున్న గుర్తు ఎక్కడా లేదు.

"తాడు ఎందుకు వదిలావమ్మా?"

"నా చేతిలో ఉన్నది ఉత్తి తాడు సార్. నీలం రంగుది. దాని రెండో కొస ఎవరికీ కట్టలేదు."

"మరి పట్టుకుని ఏం చేస్తున్నావు?"

"నటిస్తున్నాను." ఆమెకే ఆ మాట చెప్పడానికి సిగ్గేసినట్టుంది. "భార్య చేతిలో భర్త ప్రాణం అని వీడియో తీద్దామన్నాడు మా మరిది. నాకా పని రాదు. నువ్వూరికే పట్టుకున్నట్టు నిలబడు వదినా, అసలు తాడు పక్కనుంచి నేను పట్టుకుంటా అన్నాడు. ఆయన పడగానే నేను నా తాడు వదిలేసి పరిగెత్తాను. అంతే సార్."

"మీ మరిది తాడు నీ చేతిలోనే ఉందంటున్నాడు. తను కెమెరా దగ్గర ఉన్నాడట."

"తెలుసు."

"ముందురోజు గొడవేంటి?"

"మా అక్క దగ్గర పది రోజులుండి వస్తానంటే వద్దన్నారు. మొగుడూ పెళ్లాలు పోట్లాడుకోకపోతే ఇంకెవరు పోట్లాడుకుంటారు సార్? పొద్దున్నే మాట్లాడుకున్నాం కూడా. కాఫీ బాగుందన్నారు."

ఆమె చేతులు బల్ల మీంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"జైలుకి పంపితే పంపండి. మా అత్తగారికి మాత్రం ఒక్క మాట చెప్పండి, నేను చెయ్యలేదని. ఆవిడ నాకు అమ్మ కంటే ఎక్కువ. కొడుకుని చంపిందాన్నని నన్ను చూసి మొహం తిప్పేసుకున్నారు. నేనది భరించలేను సార్."

బయటికొచ్చాక ఎస్సై అంది, "నేరం మరిది మీదకి తోస్తోంది సార్. అందరూ చేసేదే."

"అందరూ చేసేదే," ఒప్పుకున్నాడు ఇన్‌స్పెక్టర్. "ఏదీ, ఆ వీడియో మళ్లీ పెట్టు."

ఎస్సై ఫోన్‌లో పెట్టింది. నేపథ్యంలో విషాద సంగీతం. జిమ్‌లో రికార్డైన శబ్దమేదీ లేదు. నిలువు ఫ్రేమ్. కింద ఆమె, పైన అతను. మసక బొమ్మ. కదలికలు కూడా తెగి తెగి వస్తున్నాయి. ఒక్క కుదుపు. అతను కింద. ఆమె చేతులు ఖాళీ.

ఎస్సై ఫోన్ ఆపేసింది. చూసిన లక్షల మందీ అక్కడే ఆపేశారు. అక్కడితో కథ అయిపోయింది మరి.

"ముందు ఆమె వదిలిందా, ముందు ఆయన పడ్డాడా?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"రెండూ ఒకేసారి కనిపిస్తున్నాయి సార్."

"ఆమె చేతిలోది ఆకుపచ్చా, నీలమా?"

ఎస్సై కళ్లు చికిలించింది. "తెలియట్లేదు. బూడిద రంగులా ఉంది."

"ఆమెకి ఇటుపక్క ఎవరున్నారు?"

"ఫ్రేమ్‌లో లేరు సార్."

"నేనూ అదే అంటున్నా. పద, జిమ్‌కి."

* * *

ఇన్‌స్పెక్టర్‌కి ఒక రహస్యం ఉంది. ఆయనకీ ఒక ఛానెల్ ఉంది. పాత టేబుల్ ఫ్యాన్లు విప్పి బాగుచెయ్యడం చూపిస్తాడు. చూసేవాళ్లు నలభై మంది లోపే. అందులో సగం మా పుట్టింటివాళ్లేనని ఆయన భార్య దెప్పుతూ ఉంటుంది. చూసేవాళ్లున్నా లేకపోయినా, ప్రతి ఆదివారం, ఎడిట్ చేసినదాన్ని ఫైలుగా మార్చే ఎక్స్‌పోర్ట్ బటన్ ముందు తల పట్టుకుని కూర్చున్న మనిషికి కొన్ని సంగతులు వద్దన్నా అబ్బుతాయి.

తమ్ముడు జిమ్ ఆఫీసులో ఉన్నాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నిద్రపోలేదని తెలుస్తూనే ఉంది. దుఃఖం అబద్ధం కాదు. ఆ ఒక్కటీ ఇన్‌స్పెక్టర్‌కి ఎక్కడా అతకడం లేదు.

"ఒరిజినల్ ఫుటేజీ ఏది బాబూ?"

"మెమరీ కార్డు ఫార్మాట్ చేసేశాను సార్. అది దగ్గరుంటే మళ్లీ మళ్లీ చూస్తానేమోనని భయమేసింది."

"ల్యాప్‌టాప్‌లో ప్రాజెక్ట్?"

"అదీ తీసేశాను."

"మీ పేజీలో ఉన్న వీడియోలన్నీ అడ్డంగా ఉన్నాయి. ఇదొక్కటే నిలువు. ఎందుకు?"

"అందరూ ఫోన్‌లోనే చూస్తారు కదా సార్."

"అడ్డంగా తీసినదాన్ని నిలువు చేస్తే రెండు పక్కలా కోసేయాలి. సగానికి పైగా పోతుంది. పోయినదాంట్లో ఏముంది?"

"ఖాళీ గోడ సార్."

"రిజల్యూషన్?"

"ఫోర్ ఎయిటీ."

"మీవన్నీ ఫుల్ హెచ్‌డీ కదా. గోడ మీద బోల్టు కూడా లెక్కపెట్టొచ్చు."

"హాస్పిటల్ నుంచి అప్‌లోడ్ చేశాను. నెట్ స్లోగా ఉంది."

"ఫ్రేమ్ రేట్? సెకనుకి ఎన్ని బొమ్మలు?"

"పదిహేను పెట్టినట్టున్నాను. ఫైలు చిన్నదవుతుందని."

"మామూలుగా?"

"అరవై."

"ఎక్కేవాళ్ల చెయ్యి కదిలే వేగం స్పష్టంగా పట్టుకోవాలని అరవైలో తీసేవాడివి, ఈ ఒక్కదానికి పదిహేను."

"సార్, మా అన్నయ్య పోయాడు. మీరు ఫ్రేములు లెక్కపెడుతున్నారు!" అతను కుర్చీలోంచి లేచాడు. "నేనేమైనా సినిమా రిలీజ్ చేశానా? త్వరగా వెళ్లాలని చిన్నగా చేసి పెట్టాను. అంతే."

కాదనడానికి లేదు. ప్రతి ప్రశ్నకీ సమాధానం ఉంది. నెట్ స్లో అయితే ఎవరైనా అవే సెట్టింగులు పెడతారు. కోర్టులో అతని లాయరు ఇదే మాట అంటాడు. మేజిస్ట్రేట్ తలూపుతాడు. ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియలేదు.

బయట జీపు ఎక్కాడు. దిగాడు. మళ్లీ ఎక్కాడు.

"కూర్చోండి సార్, మీకు దణ్ణం పెడతా," అంది ఎస్సై. "ఆవిణ్ణి కోర్టుకి తీసుకెళ్లే టైం దగ్గరపడుతోంది."

ఆయన తన ఫోన్‌లో ఆ వీడియో కింద కామెంట్లు జరుపుకుంటూ పోతున్నాడు. శాపనార్థాలు. తిట్లు. దొంగ కన్నీళ్లు. ఎవరో తన చీరల షాపు నంబరు కూడా పెట్టారు. ఛీ అనుకున్నాడు. ఇంకా కిందికి జరిపాడు. ఎవరో కుర్రాడు కాబోలు, ఒక్క లైన్ రాశాడు: "వీడియో అయిపోయినా ఇంకా నడుస్తోందేంటి బ్రో, నా ఫోనే పాడైందా?"

దానికి ఎవరూ జవాబివ్వలేదు.

ఇన్‌స్పెక్టర్ వేలు ఆగింది. వీడియో తెరిచాడు. అతను పడేది నాలుగో నిమిషంలో. కింద గీత చివర ఉన్న అంకె మాత్రం పదకొండు దాటింది.

"ఇయర్‌ఫోన్స్ ఉన్నాయా?"

ఎస్సై తీసిచ్చింది. ఆయన చెవుల్లో పెట్టుకుని నల్లటి తెర వంక చూస్తూ కూర్చున్నాడు. కాలు ఊగుతోంది. చాలాసేపటి తర్వాత కాలు ఆగింది. మొహంలో రంగు మారింది. వెనక్కి జరిపి మళ్లీ విన్నాడు.

"కోర్టుకి కాదు. ఆవిణ్ణి ఇక్కడికి తీసుకురమ్మను. వాళ్ల అత్తగారినీ పిలిపించు. ఇప్పుడే."

* * *

జిమ్ రిసెప్షన్‌లో గోడకి పెద్ద టీవీ. ఎప్పుడూ జిమ్ వీడియోలే తిరుగుతుంటాయి దాంట్లో. దాని ముందు ఐదు కుర్చీలు వేయించాడు ఇన్‌స్పెక్టర్.

తల్లి ఒక చివర కూర్చుంది. తమ్ముడు ఆమె పక్కన. కోడలు మరో చివర, మహిళా కానిస్టేబుల్‌తో. తల్లి అటు చూడలేదు.

"ఇది నన్ను మళ్లీ చూడమంటారా బాబూ?" అంది తల్లి. "నావల్ల కాదు."

"పడే ముక్క చూపించనమ్మా. దాని తర్వాతది."

తమ్ముడు తలెత్తాడు. "దాని తర్వాత ఏముంది?"

ఇన్‌స్పెక్టర్ రిమోట్ నొక్కాడు. నల్లటి తెర. కింద గీత మెల్లిగా పాకుతోంది. మరి ఆయన ఏం చేశాడంటే, మిగిలిన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎస్సై నోరు తెరిచింది.

"చూడు బాబూ," అన్నాడు తమ్ముడితో. "నువ్వు సెట్టింగులన్నీ ఆలోచించే ఎంచుకున్నావు. నిలువు పెట్టావు, పక్కనున్న మనిషి కనపడకూడదని. ఫోర్ ఎయిటీ పెట్టావు, తాడు రంగు తెలియకూడదని. పదిహేను ఫ్రేములు పెట్టావు, ఏది ముందు ఏది వెనక అని ఎవరూ చెప్పలేకుండా. పాట కలిపి అసలు శబ్దం తీసేశావు. కానీ ఒక్కటి ఎంచుకోలేదు. ఎక్కడిదాకా ఎక్స్‌పోర్ట్ చెయ్యాలో."

"నాకర్థం కావట్లేదు సార్."

"అవుతుంది. ఎడిట్ చేసేవాళ్లకి ఒక అలవాటు. కోసిన ముక్కని పారెయ్యరు. ఎప్పుడైనా పనికొస్తుందని, ముక్కలు వరసగా పేర్చే టైమ్‌లైన్‌లో దూరంగా, చివరికి తోసేస్తారు. నేనూ తోస్తాను. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు, ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా చాలు అని గుర్తు పెట్టాలి. పెట్టకపోతే, చివరికి తోసిన ఆ ముక్కతో సహా మొత్తం ఫైలులోకి వచ్చేస్తుంది. నువ్వు మామూలుగా పెడతావు. నిన్న హాస్పిటల్ వరండాలో హడావుడిగా చేస్తూ మర్చిపోయావు."

"అయినా అక్కడ ఏమీ లేదుగా. నల్లగా ఉంది," అన్నాడు తమ్ముడు.

"బొమ్మ లేదు. ఆ ముక్క పక్కనున్న కన్ను గుర్తు నొక్కి బొమ్మ ఆపేశావు. శబ్దానికి స్పీకర్ గుర్తు వేరే ఉంటుంది. అది నొక్కలేదు."

తెర నల్లగానే ఉంది. ఎవరో తాడు లాగిన గరగర. అడుగుల చప్పుడు. తర్వాత గది నిండా గొంతులు.

"వదినా, నువ్వు ఆ నీలం తాడు ఊరికే పట్టుకో. అసలుది నా బెల్టుకుంది. కెమెరా వంక చూడు చాలు."

"నాకెందుకో భయంగా ఉంది." అది కోడలి గొంతు.

ఒక మగమనిషి నవ్వు. "ఎక్కేది నేనైతే భయం దీనికట! ఒరేయ్, గట్టిగా పట్టుకోరోయ్. పొద్దున రెండు ముద్దలు ఎక్కువే లాగించాను."

"నువ్వెక్కు అన్నయ్యా. నేనున్నాగా."

శబ్దం టక్కున తెగింది. గీత చివరికొచ్చి ఆగింది.

కోడలు రెండు చేతులతో నోరు నొక్కుకుంది. తల్లి కదల్లేదు.

తమ్ముడే ముందు తేరుకున్నాడు. "అది నేను కాదు సార్. మా ట్రైనర్ అయ్యుంటాడు. ఎప్పటిదో పాత రిహార్సల్ అది. జిమ్‌లో అందరూ ఆయన్ని అన్నయ్యా అనే పిలుస్తారు. ఆవిణ్ణి వదినా అనే పిలుస్తారు. ఎవర్నైనా అడగండి."

నిజమే. పొద్దున ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడిన ట్రైనర్లందరూ అలాగే అన్నారు. సౌండ్ కూడా ఫోర్ ఎయిటీకి తగ్గట్టే ఉంది, బొంగురుగా. ల్యాబ్‌కి పంపితే రిపోర్టు వచ్చేసరికి వారాలు. ఈలోగా ఆమె జైల్లో.

ఇన్‌స్పెక్టర్ తల్లి వైపు తిరిగాడు. ఆయనకి ఈ ప్రశ్న అడగాలని లేదు. వేరే దారి లేదు.

"అమ్మా. ఆ గొంతు ఎవరిది?"

తమ్ముడు తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా," అన్నాడు. ఆ ఒక్క పిలుపులో అంతా అడిగేశాడు.

ఆమెకి ఇద్దరే కొడుకులు. ఒకడు మార్చురీలో ఉన్నాడు. రెండోవాడు చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఆమె ఆ చేతిని చూసింది. ఎస్సై తలదించుకుంది.

"నీకు మాటలు రాకముందు నుంచీ నీ గొంతు వింటున్నానురా," అంది తల్లి. మెల్లిగా చెయ్యి విడిపించుకుంది. "వీడే బాబూ. ఈ గొంతు నా చిన్నకొడుకుదే."

తమ్ముడు కుర్చీలోంచి జారి నేల మీద కూలబడ్డాడు. ఇక ఎవరూ ఏమీ అడగనక్కర్లేకపోయింది.

"చంపలేదమ్మా. నేను అన్నయ్యని చంపుతానా! స్టాండు మీదున్న కెమెరాకి ఎర్రలైటు ఆరిపోయినట్టనిపించింది. రికార్డవుతోందో లేదోనని ఒక్కసారి వంగి చూశాను. చెయ్యి తీశాను. ఒక్క క్షణమే. అప్పుడే అన్నయ్య కాలు జారింది."

"రికార్డవుతూనే ఉందా?" అడిగింది ఎస్సై.

"అవుతూనే ఉంది," అని వాడు ఏడ్చాడు. "వదినా, నన్ను కొట్టు. ఏమైనా చెయ్యి. భయపడ్డాను. జైలంటే భయమేసింది. నీ మీదకి నెట్టేశాను."

కోడలు వాడి వంక అలా చూస్తూ ఉండిపోయింది. ఇన్‌స్పెక్టర్ సైగ చేస్తే మహిళా కానిస్టేబుల్ ఆమె పక్కనుంచి లేచింది. ఎస్సై మేజిస్ట్రేట్ కోర్టుకి ఫోన్ చేస్తూ బయటికి నడిచింది. వెళ్తూ వెళ్తూ కోడలి ముందు ఆగి, "నేను నమ్మలేదమ్మా మిమ్మల్ని. క్షమించండి," అంది.

ఇద్దరు కానిస్టేబుళ్లు తమ్ముణ్ణి లేపబోయారు.

"ఒక్క నిమిషం ఆగండి బాబూ," అంది తల్లి. "అది మళ్లీ పెడతారా?"

ఇన్‌స్పెక్టర్‌కి అర్థమైంది. వెనక్కి జరిపాడు.

తల్లి లేచి, కుర్చీలు దాటుకుని వెళ్లి కోడలి పక్కన కూర్చుంది. ఆమె తలని తన భుజానికి ఆనించుకుంది. "నన్ను తిట్టు తల్లీ," అంది. "తర్వాత తిట్టు. ఇప్పుడు విను."

నల్లటి తెర. తాడు గరగర. పెద్దకొడుకు నవ్వు గదిలోకి వచ్చింది.

"ఆపండి సార్!" నేల మీంచి తమ్ముడు అరిచాడు. "నేను వినలేను. అమ్మా, ఆపమను!"

తల్లి టీవీ వంకే చూస్తోంది.

"నోరు ముయ్యరా," అంది. "మీ అన్న మాట్లాడుతున్నాడు."